వంద డిగ్రీల ల్యాప్‌టాప్: గుంటూరు గదిలో తేలిన లెక్క

మార్చి మొదటి వారంలో గుంటూరు నుంచి ఒక పెళ్లి వీడియోల ఎడిటర్ విజయవాడ గవర్నర్‌పేటలోని మా షాపుకు వచ్చాడు. ల్యాప్‌టాప్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "అన్నా, ఫైనల్ వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టిన రెండు నిమిషాలకే ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. కీబోర్డు మీద చెయ్యి ఆనడం లేదు. అరగంటలో అయ్యే పని ఇప్పుడు ముప్పావుగంట పడుతోంది. వైశాఖం ముహూర్తాలు మొదలైతే ఎట్లా అని టెన్షన్‌గా ఉంది" అన్నాడు. ప్రాసెసర్‌కూ దాని మీద ఆనే రాగి పలకకూ మధ్య, వేడి దాటడానికి పూసే పేస్ట్‌ను అప్పటికే రెండు చోట్ల మార్పించాడట. మార్చిన ప్రతిసారీ ఒక నెల బాగుండి, మళ్లీ మొదటికొచ్చిందట.

నెల బాగుండి మళ్లీ చెడిపోయిందన్న ఆ మాట దగ్గరే నాకు సగం విషయం తెలిసింది. మిగతా సగం తెలియడానికి మాత్రం మే నెల దాకా పట్టింది.

మెషీన్ వివరాలు ముందు చెప్తాను. ఇంటెల్ కోర్ ఐ7-12700హెచ్ ప్రాసెసర్. లెక్కలు చేసే భాగాలైన కోర్లు 6 పెద్దవి, 8 చిన్నవి, ఒకేసారి నడిపే పనుల వరసలు అంటే థ్రెడ్లు మొత్తం 20. దాని బేస్ పవర్ 45 వాట్లు, టర్బోలో, అంటే వేగం పెంచినప్పుడు, గరిష్ఠంగా 115 వాట్లు తీసుకోగలదు, తట్టుకునే హద్దు 100 డిగ్రీలు. పక్కన ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ చిప్. రెండు ఫ్యాన్లు. ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్‌కూ కలిపి వేసిన, వేడిని మోసుకుపోయే హీట్ పైపులు. అంటే ఒకటి కాగితే రెండోదానికీ సెగ తగులుతుంది. ఇతని కెమెరా ఫుటేజ్ 10 బిట్ 4:2:2 హెచ్‌ఈవీసీ. ఆ వీడియో ఫార్మాట్‌ను 3060లోని డీకోడర్ (వీడియో ఫైలును విప్పి చదివే భాగం) చదవలేదు, ఇంటెల్ చిప్‌లోని డీకోడర్ చదువుతుంది. కాబట్టి ఎక్స్‌పోర్ట్ జరిగినంతసేపూ రెండు చిప్‌లూ పనిలోనే ఉంటాయి.

నేను అడుగు మూత విప్పే ముందు కొలతలు తీసుకుంటాను. ఈ పద్ధతి అలవాటు చేసుకోని టెక్నీషియన్‌కు, తను చేసిన పని వల్ల ఎంత లాభం వచ్చిందో ఎప్పటికీ తెలియదు. ప్రాసెసర్‌ను పూర్తిగా పనిచేయించి స్కోరు ఇచ్చే సినీబెంచ్ ఆర్23తో పది నిమిషాల పరీక్ష పెట్టి, వేడినీ వాట్లనూ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో అంకెలు చూసి రాసుకున్నాను. మా షాపులో ఏసీ ఉంది, గది 27 డిగ్రీలు. ప్రాసెసర్ కొన్ని క్షణాలు వంద వాట్లు దాటి, వెంటనే 100 డిగ్రీలు తాకి, తనంతట తాను 52 వాట్లకు దిగిపోయింది. అక్కడ కూడా 98 డిగ్రీలే. స్కోరు 12,800. పెద్ద కోర్లలో అన్నిటికంటే వేడిగా ఉన్నదానికీ చల్లగా ఉన్నదానికీ తేడా 17 డిగ్రీలు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డిగ్రీలు ఒక్కటే చూస్తే మోసపోతాం. హద్దుకు చేరిన ప్రాసెసర్ తన వాట్లు తనే తగ్గించుకుంటుంది. కాబట్టి కూలింగ్ బాగు చేశాక కూడా డిగ్రీలు 95 దగ్గరే కనిపించవచ్చు, కానీ ఆ 95 దగ్గర 52 వాట్లు మోస్తోందా, 75 మోస్తోందా అన్నదే తేడా. నేను వాడే లెక్క చిన్నది: ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేసి, వచ్చినదాన్ని వాట్లతో భాగించాలి. ఇక్కడ 98లోంచి 27 పోతే 71, దాన్ని 52తో భాగిస్తే ఒక్కో వాటుకు సుమారు 1.4 డిగ్రీలు. ఇలాంటి బాడీ ఉన్న ల్యాప్‌టాప్‌లలో నేను చూసినంతవరకూ ఇది 0.9కి లోపే ఉండాలి.

తర్వాత వెనక నుంచి వచ్చే గాలిని కొలిచాను. మల్టీమీటర్‌కు తగిలించే, వేడి కొలిచే థర్మోకపుల్ వైరు చాలు. ప్రాసెసర్ 98 దగ్గర ఉడుకుతుంటే, వెనక గాలి 46 డిగ్రీలే. ఇది చాలా విషయం చెప్తుంది. హీట్ పైపుల చివర గాలి దాటిపోయే సన్నటి లోహపు రెక్కల్లో దుమ్ము పేరుకుని గాలి ఆడకపోతే, వచ్చే ఆ కొద్ది గాలీ కాలిపోతూ వస్తుంది. గాలి బాగానే ఆడుతూ గోరువెచ్చగా వస్తోందంటే, వేడి అసలు రెక్కల దాకా చేరడం లేదన్నమాట. తగాదా చిప్‌కూ రాగి పలకకూ మధ్యలోనే ఉంది. కోర్ల మధ్య 17 డిగ్రీల తేడా కూడా అదే సాక్ష్యం చెప్పింది: పలక ఒక పక్క ఆనుతోంది, ఇంకో పక్క సరిగా ఆనడం లేదు.

మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాను. లోపల ఫ్యాన్ల మీద ఎర్రటి పొడి. అతని ఇల్లు మిర్చి యార్డు వైపు. సీజన్‌లో ఆ వీధుల్లో గాలే ఘాటుగా ఉంటుంది, ఇక కిటికీ తెరిచి పెట్టుకునే ఇంట్లో ల్యాప్‌టాప్ రోజంతా పీల్చేది ఆ గాలినే. బ్లోయర్ ఆన్ చేసేముందు మాస్కు పెట్టుకుని మెషీన్ మెట్ల దగ్గరికి తీసుకుపోయాను. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవడం మరవకూడదు. లేకపోతే అది తన వేగాన్ని మించి తిరిగి బేరింగు పాడవుతుంది.

దుమ్ము ఉన్నా రెక్కల సందులు ఇంకా తెరిచే ఉన్నాయి. అసలు జబ్బు హీట్‌సింక్ (రాగి పలక, పైపులు, రెక్కలు కలిసిన భాగం) ఎత్తగానే కనిపించింది. చిప్ నడిమధ్య పేస్ట్ లేదు. అంచుల్లోకి నెట్టుకుపోయి గట్టిపడింది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద డెస్క్‌టాప్‌లో ఉన్నట్టు లోహపు టోపీ ఉండదు, సిలికాన్ మీదే పలక నేరుగా కూర్చుంటుంది. వేడెక్కినప్పుడు రెండూ వేర్వేరు పాళ్లలో వ్యాకోచిస్తాయి, చల్లారినప్పుడు ముడుచుకుంటాయి. రోజుకు పదిసార్లు అలా జరిగితే పల్చటి పేస్ట్ మధ్యలోంచి కొద్దికొద్దిగా బయటికి తోసుకుపోతుంది. ఎంత ఖరీదైన పేస్ట్ వేసినా జారుడు గుణం ఉంటే ఇదే గతి. "నెల బాగుండి మళ్లీ మొదటికొచ్చింది" అన్నదానికి కారణం ఇది.

అందుకని పేస్ట్ మానేసి హనీవెల్ పీటీఎం7950 షీటు పెట్టాలనుకున్నాను. ఇది గది వేడిలో పల్చటి రేకులా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందులన్నీ పూడుస్తుంది. పేస్ట్ అంత తేలిగ్గా బయటికి తోసుకుపోదు. దాని మీద ఉండే ప్లాస్టిక్ పొర ఊడదీయడం కష్టం. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే శుభ్రంగా వస్తుంది. దీని పేరుతో నకిలీ షీట్లు బాగా తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన చోటే కొనాలి.

అతను లిక్విడ్ మెటల్ గురించి చదివి వచ్చాడు. "అదేస్తే ఇంకో పది డిగ్రీలు తగ్గుతుందంటగా అన్నా?" అని అడిగాడు. వేడిని అది పేస్ట్‌కన్నా బాగా మోస్తుంది, నిజమే. కానీ అది గాలియం మిశ్రమం. కరెంటును కూడా మోస్తుంది. అల్యూమినియానికి తగిలిందంటే దాన్ని తినేస్తుంది. ఇతను ల్యాప్‌టాప్‌ను బైకు మీద వేసుకుని తెనాలి, బాపట్ల, నరసరావుపేట మండపాలకు తిరిగే మనిషి. గతుకుల్లో ఒక్క బొట్టు పక్కకు జారి బోర్డు మీద పడితే మెషీన్ మొత్తం పోతుంది. కదలకుండా ఒకచోట ఉండే మెషీన్ అయితే ఆలోచించేవాణ్ణి. ఇతనికి వద్దన్నాను.

ఇక్కడే ఒక పొరపాటు చేశాను. ప్రాసెసర్‌కు కరెంటు అందించే పవర్ విభాగం మీద, వేడిని పలకకు చేర్చే మెత్తటి ప్యాడ్లు పాతబడి చినిగిపోతే కొత్తవి వేశాను. నా దగ్గర 1.5 మిల్లీమీటర్లవి ఉన్నాయి, మెత్తవే కదా, అణుగుతాయనుకున్నాను. బిగించి పరీక్ష పెడితే మూడు సెకన్లలో 100 డిగ్రీలు. మళ్లీ విప్పి చూస్తే, షీటు మీద పలక ముద్ర ఒక మూలే పడింది. మిగతా భాగం తాకను కూడా లేదు. ప్యాడ్లు అర మిల్లీమీటరు ఎక్కువై పలకను ఎత్తి పట్టాయి. పాత ప్యాడ్ నొక్కుకోని అంచును వెర్నియర్‌తో కొలిస్తే సరిగ్గా 1 మిల్లీమీటరు. ఆ కొలత మొదటే తీసుకోవాల్సింది. ఆ షీటు వృథా అయింది, డబ్బు నేనే భరించాను. రెండోసారి ప్యాడ్లకు బదులు ముద్దలా ఉండే థర్మల్ పుట్టీ వాడాను. అది సందు ఎంతుంటే అంతకు అణుగుతుంది, పలకను ఎత్తదు. స్క్రూలను హీట్‌సింక్ మీద అచ్చువేసిన అంకెల వరసలో, ఒక్కోటి కొంచెం కొంచెంగా బిగించాను.

కొత్త కొలతలు: అదే 27 డిగ్రీల గది, 92 డిగ్రీలు, 74 వాట్లు, స్కోరు 15,100. కోర్ల మధ్య తేడా 6 డిగ్రీలు. వాటుకు 1.4 ఉన్నది 0.88కి దిగింది. వెనక గాలి ముందుకన్నా వేడిగా వచ్చింది. అది మంచి లక్షణం, వేడి రెక్కల దాకా చేరుతోందన్నమాట. అతను సంతోషంగా తీసుకెళ్లాడు. నేనూ కేసు ముగిసిందనుకున్నాను.

మే మూడో వారంలో ఫోను. "అన్నా, ముందంత కాదుగానీ మళ్లీ కాగుతోంది. 22 నిమిషాల 4కే సినిమా ఎక్స్‌పోర్ట్‌కు 39 నిమిషాలు పడుతోంది." మార్చిలో రిపేరుకు ముందు అదే పనికి 46 పట్టేది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, కార్తె ఇంకా రాకముందే బెజవాడలో మధ్యాహ్నం బయట నిలబడలేకపోతున్నాం. షాపుకు తెమ్మంటే మళ్లీ ఏసీలో బాగానే చూపిస్తుంది. కాబట్టి ఆదివారం నేనే మీటరు, స్క్రూడ్రైవర్లు బ్యాగులో వేసుకుని గుంటూరు వెళ్లాను.

గది మేడ మీద, పైన నేరుగా స్లాబు. ఏసీ లేదు. గది 38 డిగ్రీలు. సినీబెంచ్ పెడితే 97 డిగ్రీల దగ్గర 62 వాట్లే నిలిచాయి. 97లోంచి 38 తీసి 62తో భాగిస్తే 0.95. మార్చిలో 0.88 ఉండింది కదా. షీటు చెడిపోయిందా, పలక వదులైందా అని ఒక నిమిషం గుండె జారింది. కానీ కోర్ల మధ్య తేడా అదే 6 డిగ్రీలు. ఆనిక బాగానే ఉంది.

అప్పుడు మెషీన్ పెట్టిన చోటు చూశాను. చెక్క కంప్యూటర్ టేబుల్. కీబోర్డు కోసం మానిటర్ కింద చేసిన గూట్లో ల్యాప్‌టాప్‌ను లోపలికి తోసి పెట్టాడు. వెనక గోడకు నాలుగు వేళ్ల ఎడం కూడా లేదు. కింద ఆల్బమ్‌ల మీద కప్పే ముఖమల్ గుడ్డ మడత. థర్మోకపుల్ కొసను ల్యాప్‌టాప్ అడుగున, ఫ్యాన్ గాలి పీల్చే జాలీ దగ్గర పెట్టాను. 45 డిగ్రీలు! గది 38 ఉంటే మెషీన్ పీల్చేది 45. పూజగదిలోంచి ఒక అగరుబత్తి తెప్పించి వెనక జాలీ దగ్గర పట్టుకుంటే పొగ గోడకు కొట్టుకుని, వెనక్కి తిరిగి, టేబుల్ చెక్క వెంబడి మళ్లీ అడుగుకే పోయింది. తను వదిలిన వేడిగాలినే తను పీలుస్తోంది. ఇతనికి కూడా ఆ పొగ చూశాకే విషయం పూర్తిగా అర్థమైంది. "నేను దుమ్ము పడకుండా లోపల పెట్టానన్నా" అన్నాడు పాపం.

లెక్క మళ్లీ వేద్దాం. 97లోంచి గది వేడి కాకుండా పీల్చే గాలి వేడి 45 తీస్తే 52, దాన్ని 62తో భాగిస్తే 0.84. షాపులో మెషీన్ చుట్టూ ఖాళీగా ఉండేది, అడుగు గాలి గదికంటే ఒకటి రెండు డిగ్రీలే ఎక్కువ. ఆ లెక్కన మార్చిలోనూ ఇంచుమించు 0.86. అంటే హీట్‌సింక్ నేను ఇచ్చిన రోజు ఎంత బాగా పనిచేసిందో ఇప్పుడూ అంతే చేస్తోంది. దానికి అందే గాలే మారింది. నేను ఇన్నేళ్లుగా గది వేడి రాసుకుంటున్నాను. రాసుకోవాల్సింది జాలీ దగ్గర వేడి. ఆ రోజు నుంచి మా షాపు కార్డులో ఆ గడి కొత్తగా చేర్చాను.

గుడ్డ తీసేసి, ల్యాప్‌టాప్‌ను గూట్లోంచి బయటికి లాగి, గోడకు అడుగున్నర దూరం పెట్టి, వెనక భాగం కింద రెండు చెక్క ముక్కలు పెట్టి నాలుగు సెంటీమీటర్లు లేపాను. పీల్చే గాలి 39.5కి దిగింది. అదే 97 దగ్గర 62 వాట్లు కాస్తా 68 అయ్యాయి. పైసా ఖర్చు లేదు.

తర్వాత అడుగు మూత తీసేసి ఒకసారి నడిపించాను. ఏ ల్యాప్‌టాప్‌కైనా రంధ్రాలు వేసే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే. మూత లేకుండా 77 వాట్లు నిలిచాయి. మూతే గాలిని ఆపుతోందని తేలిపోయింది. తిప్పి చూస్తే జాలీలా కనిపించే గళ్లలో ఫ్యాన్ కింద సగం మాత్రమే నిజమైన రంధ్రాలు, మిగతా సగం అచ్చు మాత్రమే, లోపల మూసి ఉంది. కొన్ని మెషీన్లలో మూత తీస్తే వేడి పెరుగుతుంది కూడా, ఎందుకంటే పవర్ విభాగం మీదుగా గాలిని నడిపించేది ఆ మూతే. అలాంటివాటికి డ్రిల్ తాకించకూడదు.

వారంటీ అయిపోయిందని నిర్ధారించుకుని, అతని అనుమతి తీసుకుని, మూతను విజయవాడ తెచ్చి మూసి ఉన్న గళ్లలో 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేశాను. ఫ్యాన్ గుండ్రానికి సరిపోయేలా కాగితం కత్తిరించి అతికించి, దాని మీదే వేశాను, అడ్డ పట్టీలు మాత్రం వదిలేశాను. లేకపోతే మూత బలం పోతుంది. కడిగి, పూర్తిగా ఆరాకే బిగించాను, ప్లాస్టిక్ రజను ఒక్క పలుకు కూడా లోపలికి పోకూడదు. రెక్కలకూ బాడీ అంచుకూ మధ్య ఉన్న సందులో 3 మిల్లీమీటర్ల స్పాంజి టేప్ అంటించాను. వేడిగాలి బయటికి పోకుండా ఆ సందులోంచి లోపలికి జారేది, ఇప్పుడు దారి మూసుకుపోయింది. మూత లేనప్పుడు 77 వస్తే, ఈ మార్పుల తర్వాత మూతతో 75 వాట్లు. వాటుకు 0.77.

మధ్యలో రెండు ప్రయత్నాలు ఫలించలేదు. మిరప పొడి ఆగాలని జాలీ లోపల సన్నటి ఫిల్టర్ గుడ్డ అతికించాం. ప్రాసెసర్ 6 డిగ్రీలు పెరిగింది, వారంలో గుడ్డ ఎర్రబడి మూసుకుపోయింది, తీసేశాం. దాని బదులు మూడు నెలలకోసారి శుభ్రం చేయించుకోమన్నాను. రెండోది, వన్‌టౌన్‌లో రాగి రేకు కొని హీట్ పైపుల మీద అంటించాను. మొదటి రెండు నిమిషాలు అద్భుతంగా కనిపించింది. ఐదో నిమిషానికి అంకెలు మామూలే, పైగా అడుగు మూత ఇంకా కాలింది. రాగి కొంత వేడిని దాచుకోగలదు, అంతే. బయటికి మోసుకుపోయే గాలి దాని మీదుగా వెళ్లనప్పుడు అది నిండిపోతుంది. రెండు నిమిషాల పరీక్ష చూపించి ఈ మార్పును మెచ్చుకునేవాళ్లు పది నిమిషాల పరీక్ష పెట్టి చూడాలి.

చివరిగా వాట్లు. వోల్టేజి తగ్గిద్దామంటే ఈ మెషీన్ బయోస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే మూల సాఫ్ట్‌వేర్‌లో) తాళం వేసి ఉంది. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ దారి మూసేశారు. కానీ థ్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ హద్దులు మార్చుకోవచ్చు. ఎక్కువసేపు నడిచే హద్దు 55 వాట్లు, కొద్దిసేపటి హద్దు 75 వాట్లు పెట్టాను. సినీబెంచ్ స్కోరు 15,200 నుంచి 13,400కి పడింది, ప్రాసెసర్ 82 డిగ్రీలకు దిగింది. ఎడిటర్‌కు కావాల్సింది స్కోరు కాదు కదా, అతని 22 నిమిషాల సినిమానే పెట్టి చూశాం. హద్దు లేకుండా 33 నిమిషాలు, హద్దుతో 34. గ్రాఫిక్స్ కూడా పనిచేస్తుంటే 97 దగ్గర ఉండే ప్రాసెసర్ 88 దగ్గర నిలిచింది, ఫ్యాన్ల మోత గదిలో మాట్లాడుకోగలిగేంత తగ్గింది. పైనున్న ఆ 20 వాట్లు చేసే పని తక్కువ, పెంచే వేడి ఎక్కువ. అతనే ఆ హద్దు ఉంచమన్నాడు.

ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు కాబట్టి జులైలో మెషీన్‌ను శుభ్రం చేయించడానికి తెచ్చాడు. పీల్చే గాలి లెక్కన 0.78 వచ్చింది, షీటు కదల్లేదు. రంధ్రాలు పెరిగినందుకు పొడి ఎక్కువే లోపలికి వచ్చింది, కానీ రెక్కల్లో పేరుకోలేదు. కుడి ఫ్యాన్ మాత్రం తక్కువ వేగంలో చిన్నగా గరగర అంటోంది. వేలితో తిప్పి చూస్తే బేరింగు బిగుసుకుంటోంది. రంధ్రాల వల్ల వచ్చిందా, రెండేళ్ల అరుగుదలా అన్నది విప్పిన ఫ్యాన్ చూసి తేల్చాలి. కొత్త ఫ్యాన్ ఆర్డర్ పెట్టాను. శ్రావణం ముహూర్తాలకు ముందే వేసి ఇవ్వాలి.